డన్ చెప్పిన కంపాస్ దిక్సూచి కాదు

"17వ శతాబ్దపు ఇంగ్లిష్ సాహిత్యంలో సైన్స్ ఒట్టి అలంకారం, ఫుట్‌నోట్ చూసుకుంటే చాలు. మిల్టన్‌కు కోపర్నికస్ ఊసే పట్టలేదు. అసలు ఆ కాలం రచయితలకు సైన్స్ గిట్టదు." ఎం.ఏ. ఇంగ్లిష్ విద్యార్థుల నోట్సుల్లో చేతులు మారుతూ తిరిగే మాటలివి. మూడూ తప్పే.

అలంకారం సంగతి ముందు చూద్దాం. ఆ కాలపు కవి జాన్ డన్ తన వీడ్కోలు కవితలో ప్రేమికులిద్దరినీ కంపాస్‌తో పోల్చాడు. జవాబుల్లో దీన్ని దిక్సూచి అని రాసేస్తుంటారు. కాదు, జామెట్రీ బాక్సులో ఉండే వృత్తలేఖిని. ఒక కాలు మధ్యలో నాటుకుని ఉంటుంది. రెండోది దూరం జరిగేకొద్దీ ఇది అటే వాలుతుంది, అది ఇంటికి చేరేసరికి నిటారుగా లేస్తుంది. దిక్సూచి అనుకుంటే ఈ వాలడం, లేవడం రెండూ పోతాయి. కవిత వాదన నిలబడిందే ఆ కదలిక మీద.

ఇంకా గట్టి ఉదాహరణ, 1611లో అచ్చయిన డన్ కవిత 'యాన్ అనాటమీ ఆఫ్ ద వరల్డ్'. కొత్త ఫిలాసఫీ అన్నిటినీ సందేహంలో పడేసిందనీ, అగ్ని అనే భూతం పూర్తిగా ఆరిపోయిందనీ అంటాడు డన్. ఇక్కడ ఫిలాసఫీ అంటే వేదాంతం కాదు, ప్రకృతి శాస్త్రం. నిప్పు ఆరడం నిరాశకు ప్రతీక కూడా కాదు. అరిస్టాటిల్ లెక్కలో భూమి, నీరు, గాలి, వాటిపైన చంద్రుడి గోళానికి కిందుగా నిప్పు పొర. ఆ పొరే లేదని కొందరు ఖగోళవేత్తలు వాదిస్తున్న రోజులవి. గెలీలియో టెలిస్కోపుతో చూసినవి పుస్తకంగా వచ్చింది అంతకు ముందేడు, 1610లో. పంచభూతాలు తెలిసిన తెలుగు విద్యార్థికి ఇది ఇట్టే అందాలి. కొన్ని పంక్తులు దాటగానే రాజు, ప్రజ, తండ్రి, కొడుకు అన్న వరసలే జనం మరిచిపోయారంటాడు. ఆకాశంలో వరస చెదరడం, సమాజంలో వరస చెదరడం ఒకే ఊపిరిలో! సైన్స్‌ను ఫుట్‌నోట్‌లోకి నెట్టేస్తే ఈ ముడి కనబడదు.

మిల్టన్ మాట తేల్చడం తేలిక. గెలీలియోను ఇటలీలో కలిశానని 1644లో ఆయనే రాశాడు. ఆయన కావ్యం 'ప్యారడైజ్ లాస్ట్' ఐదో భాగంలో గెలీలియో పేరే ఉంది. ఎనిమిదో భాగంలో, కోపర్నికస్ చెప్పినట్టు సూర్యుడే మధ్యలో ఉంటే ఏమిటన్న ప్రశ్నను దేవదూత ఆదాము ముందు పెడతాడు, తీర్పు మాత్రం చెప్పడు. మొదటి భాగంలోని 'టస్కన్ ఆర్టిస్ట్'ను చిత్రకారుడని రాయకండి, అదీ గెలీలియోనే. అప్పట్లో శాస్త్రంలో ఆరితేరినవాణ్ణీ ఆర్టిస్ట్ అనేవారు. ఇలాంటి మాటలకు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తెరిచి, రచన అచ్చయిన సంవత్సరం దగ్గర ఏ అర్థం వాడుకలో ఉందో చూడాలి. ఇవాళ్టి అర్థంతో మొదలుపెడితే అక్కడే దారి తప్పుతుంది.

ఇక గిట్టకపోవడం. ఆ కాలపు రచయిత్రి మార్గరెట్ కావెండిష్ సూక్ష్మదర్శినిని నమ్మలేదు, నిజమే. కానీ సూక్ష్మదర్శినిలో చూసినవాటి మీద రాబర్ట్ హుక్ రాసిన పుస్తకం 'మైక్రోగ్రాఫియా' 1665లో వస్తే, ఆమె ఖండన 1666లో వచ్చింది. అంటే చదివి, పట్టుబట్టి వాదించింది. మరుసటేడు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి వెళ్లి ప్రయోగాలూ చూసింది. ఆ ఖండనతో పాటే ఒకే సంపుటంగా అచ్చయిన కథ 'ద బ్లేజింగ్ వరల్డ్'. ఇప్పుడు దాన్ని ఎక్కువగా విడిగా అమ్ముతున్నారు. ముందు ఖండనలో సూక్ష్మదర్శిని మీద ఆమె అభ్యంతరాలు చదివి, తర్వాత కథ తెరవండి. ఎలుగుబంటి మనుషులు టెలిస్కోపుల గురించి ఎందుకు కొట్లాడుకుంటారో, మహారాణి ఆ అద్దాలు పగలగొట్టమని ఎందుకంటుందో అప్పుడు తెలుస్తుంది.