చేతులు జోడించిన బొమ్మలతో ఆపరేషన్ జరగదండీ

ఫోన్ పక్కన పడేసి, మళ్లీ తీసుకుని ఇది రాస్తున్నా. కాలనీ గ్రూపులో రాస్తే "ఇక్కడ గొడవలు వద్దు" అంటారు. అందుకే నా గోడ మీద రాసుకుంటున్నా. నా గోడ, నా ఇష్టం.

మా వీధుల్లో పొద్దున్నే పేపర్లు వేసే అతని కూతురికి గుండెలో రంధ్రం. ఆపరేషన్ చేయాలన్నారు. కొందరం కలిసి చందాలు పోగుచేద్దామని గ్రూపులో పెట్టాం. డాక్టరు రాసిన కాగితం, ఆస్పత్రి వేసిచ్చిన ఖర్చు అంచనా, డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాకే వెళ్తుందన్న వివరం, అన్నీ పెట్టాం. ఒక్కటీ దాచలేదు. గ్రూపు ఒక్కసారిగా కరిగిపోయింది. చేతులు జోడించిన బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు, ముక్కలైన గుండెలు. "గ్రేట్ జాబ్ టీమ్." "ఆ భగవంతుడే చూసుకుంటాడు." అవునండీ, భగవంతుడికి ఆన్‌లైన్ బ్యాంకింగ్ లేకనే మిమ్మల్ని అడుగుతున్నాం. ఖాతా తెరిచి చూస్తే మేం వేసుకున్నదే ఉంది.

సరే, తీరిక చూసుకుని వేస్తారులే అనుకున్నాం. ఇవాళ మధ్యాహ్నం ఒక పెద్దాయన మెసేజ్ పెట్టారు. పేరు చెప్పను, మా కాలనీ వాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. "చిన్నపిల్లల్లో ఇలాంటి రంధ్రాలు వాటంతటవే మూసుకుపోతాయి. తొందరపడి డబ్బు వృథా చేయకండి." దాని కింద వరసపెట్టి లైకులు! చందా లింకుకి రాని వేళ్లు దానికి వచ్చాయి.

బాబాయ్ గారూ, మూసుకుపోతాయి. నిజమే. చిన్న రంధ్రాలు చాలావరకు పిల్లలు పెరిగేకొద్దీ మూసుకుపోతాయి. పెద్దవి మూసుకోవు. ఏది చిన్నదో ఏది పెద్దదో చూడ్డానికి ఎకో అని ఒక పరీక్ష ఉంది. అది చేసిన డాక్టర్లున్నారు. వాళ్లు రాసిన కాగితం అదే గ్రూపులో, మీ మెసేజ్‌కి కాస్త పైనే ఉంది. వేలితో నొక్కితే తెరుచుకుంటుంది. పెద్ద రంధ్రాన్ని అలా వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి పెరిగి, చివరికి ఆపరేషన్ చేయడానికి కూడా వీల్లేని స్థితి రావచ్చు. మీకొచ్చిన ఫార్వర్డ్‌లో ఆ రెండో సగం ఎందుకో లేదు. ఆ పిల్ల తండ్రి ఆ గ్రూపులో లేడు. అదొక్కటే నయం.

ఇక చూడండి, ఆ మెసేజ్‌తో అందరికీ సాకు దొరికింది. "ఇంకో డాక్టర్ని అడిగారా?" "ప్రభుత్వ పథకం ఏదో ఉండాలే?" "ఎవరైనా సెలబ్రిటీని ట్యాగ్ చేయండి." ఒకాయన ఇంటికి ఎంత పడుతుందో లెక్కవేసి చెప్పమన్నారు. లెక్కవేసి చెప్పాం. "అద్దెకుండేవాళ్లకీ అంతేనా?" అని ఇంకో ప్రశ్న. ఇంకొకావిడ, ఇదంతా ఏదైనా క్రౌడ్‌ఫండింగ్ యాప్‌లో పెడితే డీసెంట్‌గా ఉంటుంది కదా అన్నారు. పెడదాం వదినా, తప్పేముంది? కానీ యాప్‌లో పెట్టినా డబ్బు వేయాల్సింది మనుషులే. పైగా వాటిలో కొన్నిట్లో, చూసుకుని తీసేయకపోతే, మనం వేసే డబ్బుకి యాప్ వాళ్ల టిప్పు కూడా కలిసిపోతుంది.

లెక్కలు అడగడం తప్పని నేను అనను. చందా ఇచ్చిన ప్రతివాళ్లకీ రసీదు అడిగే హక్కుంది. ఇచ్చినవాళ్లకి అన్నాను, గమనించండి.

1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పక్క గదిలో ఎవరికో మూర్ఛ వచ్చినట్టు ఇంటర్‌కామ్‌లో వినిపిస్తుంది. వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది, ఆ మూర్ఛ ఆగేలోపే సాయం కోసం కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని నమ్మినవాళ్లలో కదిలింది 31 శాతం. నలుగురికే అంత తేడా వస్తే, వందలమంది ఉన్న గ్రూపు సంగతి చెప్పాలా? ఇంకొకళ్లు చూసుకుంటారులే. ఆ ఇంకొకళ్లు ఎవరో మాకు బాగా తెలుసు. ప్రతిసారీ అవే ఇళ్లు. వాటిలో సగం ఇళ్లకి నెలాఖరు ఎలా గడుస్తుందో కూడా తెలుసు.

అసలు మొదలే తప్పు. నేను ముందే మొత్తుకున్నాను. ఖాతాలో సున్నా ఉండగా ఊరంతా చాటొద్దు, ముందు దగ్గరివాళ్ల దగ్గర చప్పుడు చేయకుండా కొంత పోగుచేద్దాం, ఆ తర్వాత గ్రూపులో పెడదాం అని. ఆస్పత్రులకీ యూనివర్సిటీలకీ విరాళాలు సేకరించేవాళ్లు చేసేది ఇదే. లక్ష్యంలో సగమో ఆ పైనో లోపల్లోపలే పోగుచేసుకుని, అప్పుడు జనం ముందుకొస్తారు. 2002లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఒక యూనివర్సిటీకి కంప్యూటర్ల కోసం చందాల ఉత్తరాలు పంపారు. కొన్ని ఉత్తరాల్లో కావాల్సిన దాంట్లో 10 శాతం ఇప్పటికే సమకూరిందని రాశారు, కొన్నిట్లో 67 శాతం సమకూరిందని రాశారు. రెండో రకం ఉత్తరాలకి వచ్చిన డబ్బు దాదాపు ఆరు రెట్లు! సగం దాటిన పనికి చెయ్యి వేయడానికి అందరూ రెడీ. మొదటి చెయ్యి వేయాలంటేనే నొప్పి.

నా మాట ఎవరు వింటారు? అసోసియేషన్ ప్రెసిడెంట్ గారికి ఆదివారం పొద్దున్నే ప్రకటన చేయాలని ఉంది. పోస్టర్ అప్పటికే డిజైన్ అయిపోయింది మరి. ఆ పోస్టర్‌లో ప్రెసిడెంట్ గారి ఫోటో ఎంతుందో, పక్కన పిల్ల ఫోటో ఎంతుందో చూసినవాళ్లకి ఎవరికి ఆపరేషనో అర్థం కాదు. ఆ పిల్ల ఫోటో వేసే ముందు తల్లిని ఒక మాట అడిగారా అంటే, "ఫోటో ఉంటేనే జనం కరుగుతారమ్మా" అన్నారు. కరిగారు సార్, చూశాంగా.

ఇచ్చినవాళ్ల పేర్లు ఎంత ఇచ్చారో చెప్పకుండా అక్షరక్రమంలో పెడదామంటే దానికీ అడ్డం. "చిన్న మొత్తం ఇచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు." మొత్తమే చెప్పనప్పుడు చిన్నబుచ్చుకోవడం ఎక్కడిది? 1885లో స్టాట్యూ ఆఫ్ లిబర్టీ కింద పీఠం కట్టడానికి డబ్బు చాలక పని ఆగిపోతే, జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో చందాలు అడిగాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పేరు అచ్చువేస్తానన్నాడు, వేశాడు. పిల్లలు దాచుకున్న చిల్లర పంపితే వాళ్ల పేర్లూ వేశాడు. లక్షా ఇరవై వేల మందికి పైగా ఇచ్చారు. చాలామంది ఇచ్చింది డాలరు, అంతకన్నా తక్కువ. అయిదు నెలల్లో లక్ష డాలర్లు దాటింది. అక్కడెవరూ చిన్నబుచ్చుకున్నట్టు లేదు. పేర్లు పెడితే ఇబ్బందిపడేది తక్కువ ఇచ్చినవాళ్లు కాదండీ. లిస్టులో లేనివాళ్లు.

2014లో చందాల సవాలంటూ బకెట్ ఐసు నీళ్లు నెత్తిన పోసుకోవడం గుర్తుందా? అందరూ ఎగతాళి చేశారు. ఎగతాళి సంగతి సరే, అమెరికాలో ఏఎల్ఎస్ అనే, నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడిపోయే జబ్బు కోసం పనిచేసే ఒక్క సంస్థకే ఆ వేసవిలో 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. వాళ్లు నీళ్లూ పోసుకున్నారు, డబ్బూ పంపారు. మనవాళ్లు నీళ్లు మాత్రం పోస్తారు, అదీ మన ఉత్సాహం మీద.

ప్రెసిడెంట్ గారి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, ఇన్నాళ్లూ మింగి ఊరుకున్నాను. వరద బాధితులకి బట్టలు సేకరించినప్పుడు కూడా ఈయనే కన్వీనర్. డబ్బు అడగొద్దు, బట్టలు అడుగుదాం, ఎవరికీ భారం ఉండదు అన్నారు. నిజంగానే ఎవరికీ భారం కాలేదు. బీరువాలు ఖాళీ అయ్యాయి, అంతే. ఆ మూటలు విప్పి వేరుచేసింది మేం, ఆడవాళ్లం. జిప్పు పోయిన ప్యాంట్లు, చంకల్లో చిరిగిన జాకెట్లు, ఉతకని దుప్పట్లు. ఒక సంచిలో పట్టుచీర కొంగు ముక్క. కొంగు ముక్క! నీళ్లలో ఇల్లు పోయినావిడ దాన్ని ఏం చేసుకోవాలి? ఒంటి చెప్పు ఒకటి. గడువు దాటిన దగ్గు మందు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఇలాంటి పాత బట్టలే రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం దేశమంతా చూసింది. అక్కడ జాలర్లు వాటిని ముట్టుకోలేదు. వాళ్లకి అక్కర లేక కాదు, వాళ్లకీ మర్యాద ఉంది కాబట్టి. అయినా మనం మళ్లీ అదే పంపాలి.

ఆ రోజు సగానికి పైగా పారేయాల్సి వచ్చింది. పారేయడానికి బండి కిరాయి మేమే పెట్టుకున్నాం. ప్రెసిడెంట్ గారు మాత్రం మంచి మూటలు నాలుగు ముందు పేర్పించి, ఫోటో దిగి, "మా కాలనీ ఔదార్యం" అని పెట్టుకున్నారు. నా చెల్లెలు ఆ ఫోటోలో వెనక, ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడి ఉంటుంది. ఎవరో దొంగ అనుకుంటారు.

ఇప్పుడు ఈ చందాలకీ ఆయనే ముందుంటారట. పెద్ద చెక్కు నమూనా ఒకటి అట్టముక్క మీద చేయించే ఆలోచన కూడా ఉందని విన్నాను. చెక్కు మీద అంకె ఏం వేయిస్తారో నాకు తెలీదు, ఖాతాలో ఉన్నదైతే అంత అట్టముక్క అక్కర్లేదు.

అందుకని ఇక గ్రూపులో అడిగేది లేదు. రేపు సాయంత్రం నేనూ, ఇంకో ఇద్దరు అక్కలూ ఇల్లిల్లూ తిరుగుతున్నాం. మెసేజ్‌కి సమాధానం ఇవ్వకుండా ఉండటం తేలిక, ఎదురుగా నిలబడ్డ మనిషి ముందు అది అంత తేలిక కాదు. రసీదు పుస్తకం, డాక్టరు కాగితం, ఆస్పత్రి ఖాతా వివరాలు మా చేతిలోనే ఉంటాయి. నోటు ఇస్తే రసీదు, ఫోన్లో వేస్తే అక్కడికక్కడే స్క్రీన్‌షాట్. ఎంతన్నది మీ ఇష్టం. ఇవ్వలేం అంటే నవ్వుతూ పక్క తలుపుకి వెళ్తాం, ఎందుకని అడగం. బాబాయ్ గారి గుమ్మం ముందు మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబడతాం, ఆ కాగితం చదివి వినిపించాలి. పిల్లల చేత "ఇంట్లో ఎవరూ లేరు" అనిపించకండి. టీవీ మోత రోడ్డు మీదకి వినిపిస్తుంది.