కొలిచే టేపా, చూసే కన్నా: అండర్-14 పిల్లల బ్యాలెన్స్ పరీక్షలపై వాదోపవాదం

వాదాంశం: హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ నేర్చుకునే 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సీజన్ మొదట్లో కదలిక, బ్యాలెన్స్ పరీక్షలు పెట్టాలా? పెట్టాల్సిందే అంటున్నది స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్. అక్కర్లేదంటున్నది అండర్-14 కోచ్.

ఫిజియో: నేనడిగేది పెద్ద ల్యాబ్ ఏమీ కాదు సార్. మాస్కింగ్ టేపు, టైలర్ టేపు, సుద్దముక్క చాలు. నేల మీద మూడు పట్టీలు అంటిస్తాం. ఒకటి నేరుగా ముందుకు, రెండు వెనక్కి ఏటవాలుగా. ముందు పట్టీకీ వెనక పట్టీలకీ మధ్య 135 డిగ్రీలు, వెనక రెంటి మధ్య 90. బూట్లు విప్పేసి పిల్లాడు మధ్యలో ఒంటికాలి మీద నిలబడతాడు. చేతులు నడుం మీద. రెండో కాలి వేలితో ఒక్కో పట్టీ వెంట అందినంత దూరం తాకి, తూలకుండా వెనక్కి రావాలి. ఇదే వై బ్యాలెన్స్ టెస్ట్. అలవాటు పడేదాకా నాలుగుసార్లు ఊరికే చేయించి, తర్వాతి మూడింటిలో మేలైనది రాసుకుంటాం. మడమ లేచినా, తాకిన కాలి మీద బరువు మోపినా అది లెక్కలోకి రాదు.

కోచ్: రాసుకున్నాక ఏం జేస్తరు మేడమ్? ముందు పట్టీ మీద రెండు కాళ్లకు 4 సెంటీమీటర్ల తేడా ఉంటే గాయం రిస్క్ ఎక్కువంటరు. ఆ 4 ఎక్కడిది? 2006లో అమెరికా హైస్కూల్ బాస్కెట్‌బాల్ పిల్లలను చూసి చెప్పిన మాట. ఏడు కదలికలకు 21 మార్కులేసే ఫంక్షనల్ మూవ్‌మెంట్ స్క్రీన్ అని ఇంకోటి ఉన్నది. అందులో 14గానీ అంతకు తక్కువగానీ వస్తే ప్రమాదమన్న గీత 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ (మనది కాదు, అది వేరే ఆట) ప్రొఫెషనల్స్ నుంచి వచ్చింది. ఆ భారీ మనుషుల గీతను మా 38 కిలోల పోరనికి ఎట్ల గీస్తరు? 2016లో నార్వే డాక్టర్ రోఆల్డ్ బార్ సూటిగనే రాసిండు, ఈ పరీక్షలు ఎవరికి గాయమైతదో ముందే చెప్పలేవని. గాయపడ్డోళ్ల మార్కులు, పడనోళ్ల మార్కులు చాలావరకు కలిసే ఉంటయి.

ఫిజియో: ఆ మాట నేనూ ఒప్పుకుంటా. ఎవరికి గాయమవుతుందో జోస్యం చెప్పడానికి కొలవమనడం లేదు, ఏ పిల్లాడికి ఏం చేయించాలో తెలియడానికి. 78 సెంటీమీటర్ల కాలున్న పిల్లాణ్ణి తీసుకోండి. కాలి పొడవంటే తుంటి ముందు చేతికి తగిలే ఎముక మొన నుంచి చీలమండ లోపలి ఎముక దాకా, పడుకోబెట్టి కొలిచింది. కుడికాలి మీద నిలబడి ముందుకు 56, వెనక 84, 80 అందుకున్నాడు. మొత్తం 220. కాలి పొడవుకు మూడింతలు, అంటే 234తో భాగిస్తే 94 శాతం. ఎడమకాలి మీద 51, 83, 79. మొత్తం 213, అంటే 91 శాతం. శాతాలు చూసి ఊరుకుంటే ఏమీ తెలియదు. తేడా దాదాపు అంతా ముందు పట్టీలోనే ఉంది. వెనక్కి బాగానే అందుతున్నాడు కాబట్టి తుంటి మీద కంటే ముందు చీలమండ మీద అనుమానం రావాలి. గోడకెదురుగా పాదం పెట్టించి, మడమ లేపకుండా మోకాలు గోడకి తాకించమనండి. గోడకీ బొటనవేలికీ మధ్య దూరం కుడివైపు 11, ఎడమవైపు 7 వస్తే సంగతి తేలినట్టే. ఎప్పుడో బెణికి సరిగా మానని చీలమండ అయ్యుంటుంది. వాణ్ణి బ్యాలెన్స్ బోర్డు మీద నెలంతా నిలబెట్టినా పెద్దగా లాభం ఉండదు. ముందు పిక్క సాగాలి, మెట్టు అంచున మడమ నెమ్మదిగా దించి లేపాలి.

కోచ్: ఒక్క పోరని విషయంల మీరు చెప్పింది బాగున్నది. నాకు 30 మంది. నాలుగు, మూడు కలిపి ఏడుసార్లు, మూడు పట్టీలు, రెండు కాళ్లు: ఒక్కొక్కరు 42 సార్లు తాకాలె. తలా ఎనిమిది నిమిషాలేసుకున్నా నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలల్ల ఫిఫా 11 ప్లస్ కిడ్స్, అంటే పిల్లలకు గాయాలు తగ్గాలని చేసిన 20 నిమిషాల వార్మప్, పన్నెండుసార్లు అయితది. యూరప్‌ల నాలుగు దేశాల్ల 7 నుంచి 13 ఏళ్ల పిల్లలతోని చేయించి చూస్తే గాయాలు దాదాపు సగం తగ్గినయని 2018లో వచ్చింది. ఎవరినీ కొలవకుండా, అందరితోని ఒకటే చేయించిండ్రు.

ఫిజియో: వార్మప్ మానేయమని ఎవరన్నారు? అది వారానికి రెండుసార్లు నడవాల్సిందే. కానీ చీలమండ వంగని పిల్లాడు ఆ వార్మప్‌లో దూకినప్పుడు కూడా పాదం బయటికి తిప్పి, మోకాలు లోపలికి వాల్చి దిగుతాడు. తప్పునే వందసార్లు సాధన చేస్తాడు.

కోచ్: అది నా కంటికి కనపడతది. పక్కకు తిరిగి ఆగేటప్పుడు, హెడర్ కొట్టి దిగేటప్పుడు. రహీం సాబ్, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ గోల్డ్ టీం కోచ్, ఈ ఊర్లనే బలహీనమైన కాలుతోనే ఆడాలని టోర్నమెంట్లు పెట్టిండు. కాళ్ల తేడాకు మందు ఆటనే. ఇంకోమాట. కుడికాలితో తన్నే పోరడు రోజంతా ఎడమకాలు మీదనే నిలబడతడు. ఆ కాలు గట్టిగుంటది. మీ టేపు దాన్ని లోపమంటది, నేను ఆట అంట.

ఫిజియో: ఎడమకాలు మెరుగ్గా ఉంటే నేనూ ఆటే అంటాను. నేను చెప్పిన పిల్లాడు కుడికాలి వాడే, కానీ తక్కువొచ్చింది ఎడమకాలికి. రోజూ నిలబడే కాలే వెనకబడిందంటే కారణం వెతకొద్దా? ఇక కన్ను సంగతి. మోకాళ్లు దాటే షార్ట్స్‌లో, మేజోళ్లు పైదాకా లాగి ఉంటే మోకాలు ఎటు వాలిందో మీకే కాదు, నాకూ కనిపించదు. షార్ట్స్ మడిచి, ఫోన్‌ని మోకాలి ఎత్తులో మూడు మీటర్ల దూరాన పెట్టి, 30 సెంటీమీటర్ల పెట్టె మీంచి దూకించి స్లో మోషన్‌లో చూడండి. పద్ధతి ప్రకారం 17 అంశాలకు మార్కులు వేస్తారు. మీకు మూడు చాలు: మోకాళ్లు లోపలికి వాలాయా, మోకాళ్లు వంచకుండా ధనేల్‌మని దిగాడా, ఒక పాదం ముందు పడిందా.

కోచ్: ఫోన్ మాట ఒప్పుకుంటా. మూడు అంశాలైతే నేనే చూసుకుంట. కానీ అసలు భయం వేరే ఉన్నది. మగపిల్లలు 14 ఏళ్ల దగ్గర ఒక్కసారి పొడుగైతరు. మొన్నటిదాకా బాల్ కాలికి అతుక్కున్నట్టు ఆడినోడు, కాళ్లు సాగినంక తూలుతడు. అప్పుడే మీ పరీక్ష పెడితే మార్కులు పడిపోతయి. ఆ కాగితం సెలెక్టర్ చేతిల పడిందంటే పిల్లగాని సంగతి ఖతం. అదే జట్టుల తొందరగా ఎదిగి ఆగిపోయినోడికి మంచి మార్కులొస్తయి.

ఫిజియో: ఈ విషయంలో నేను మీకంటే కఠినంగా ఉంటాను. సెలెక్షన్ ట్రయల్స్ రోజు ఈ పరీక్ష పెట్టనే కూడదు. పిల్లాడి అంకెను వాడి పాత అంకెతోనే పోల్చాలి. అందుకే మూడు నెలలకోసారి ఎత్తు, కూర్చున్న ఎత్తు కూడా రాయాలి, అదీ ఒకే పూట. సాయంత్రానికి మనిషి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాడు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిస్తే పెరుగుదల లెక్కే తప్పుతుంది. ఏడాదికి 7 సెంటీమీటర్లు దాటే వేగంతో పెరుగుతున్నాడంటే, బ్యాలెన్స్ పడిపోయినా కంగారు పడక దూకే పనులు తగ్గించి, ఒంటికాలి పని పెంచాలి. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి అంటే మాత్రం పరీక్ష ఆపేసి డాక్టర్‌కి చూపించాలి.

కోచ్: అట్లైతే దెబ్బ తగిలి తిరిగొచ్చినోళ్లకే మీ పట్టీలు పెడదాం. నెలకు ఇద్దరో ముగ్గురో ఉంటరు. బాగున్న కాలితోని పోల్చి చూస్తే అయిపాయె.

ఫిజియో: అక్కడే మోసపోతాం సార్. ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నవాడికి బాగున్న కాలు కూడా నీరసిస్తుంది. రెండూ సమానమయ్యాయని మైదానంలోకి దింపితే, సమానంగా బలహీనంగా ఉన్న కాళ్లతో దిగుతాడు. దెబ్బ తగలకముందటి అంకె ఉంటేనే ఎక్కడిదాకా రావాలో తెలుస్తుంది.

కోచ్: జూన్‌ల బళ్లు తెరిచినంక ఒక్కసారి తీసుకోండి. రోజుకు ఆరుగురు మీ దగ్గర, మిగతావాళ్లు నా దగ్గర వార్మప్‌ల. ఐదు రోజులల్ల 30 మంది అయిపోతరు. మూడు నెలలకోసారి మాత్రం నేనొప్పుకోను.

ఫిజియో: ఎత్తు, గోడ పరీక్ష మూడు నెలలకోసారి. తలా రెండు నిమిషాలు. పట్టీలు వేగంగా ఎదిగేవాళ్లకు, దెబ్బ తగిలినవాళ్లకు మాత్రమే మళ్లీ. దీనికి తక్కువైతే నావల్ల కాదు.

కోచ్: గోడ పరీక్ష నాకు నేర్పండి, నేనే చేస్త. కాగితాలు మాత్రం మీ దగ్గరనే ఉండాలె. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులకు ఒక్క అంకె కూడా పోవద్దు.