నా షుగరు, వాళ్ళ సంస్కృతి

మొన్న సంక్రాంతి అరిసెల తర్వాత నాకు షుగరు బయటపడింది. దాంతో గిరిజన సంస్కృతి మీద అపారమైన గౌరవం కలిగింది. ఈ రెండింటికీ సంబంధమేమిటని అడిగేవాళ్ళకి ఇంకా షుగరు రాలేదన్నమాట.

అన్నం తగ్గించి చిరుధాన్యాలు తినమన్నారు డాక్టరుగారు. మా అల్లుడు ఇంకో అడుగు ముందుకేసి, చైత్రంలో అరకులోయలో రెండు రోజుల వెల్‌నెస్ శిబిరానికి డబ్బు కట్టేశాడు. మనిషికి 14,000. ఆరోగ్యమంటే రోగం లేకపోవడం. వెల్‌నెస్ అంటే అదే, జీఎస్టీతో కలిపి.

మొదటిరోజు పొద్దున్నే సొరబుర్ర వంచి అంబలి పోశారు. పక్కన అట్టముక్క మీద 'ఏన్షియెంట్ గ్రెయిన్ బౌల్' అని రాసుంది. ఒక గుక్క తాగగానే గుర్తుపట్టాను. చోడంబలి! శ్రీకాకుళం జిల్లాలో మా నాయనమ్మ రోజూ కాచేది. చుట్టాలొస్తున్నారంటే ఆ కుండ దొడ్లోకి పోయేది, వరి అన్నం పొయ్యెక్కేది. చోళ్లు తినే ఇల్లని తెలిస్తే పిల్లనివ్వరని భయం. ఇన్నాళ్ళకు నాకో సూత్రం బోధపడింది. చోళ్లు అంటే పేదరికం, రాగులు అంటే పంట, ఫింగర్ మిల్లెట్ అంటే ఆరోగ్యం. గింజ ఒక్కటే, ధర మాత్రం పేరును బట్టి.

ఈ చరిత్రలో మన పాత్రను తక్కువ చేసుకోకూడదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. కొండల మీదికీ వెళ్ళింది. ఆకలి తీర్చింది, కాదనను. దాని వెంటే, అన్నం తినేవాడే మనిషన్న మాట కూడా ఉచితంగా కొండెక్కింది. చోడి, సామ చేలు తగ్గుతూ వచ్చాయి. నలభై ఏళ్ళకు, అంటే 2023లో, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. అదే ఏడాది మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ సర్కారు బళ్ళలో పిల్లలకు రాగిజావ పోయడం మొదలుపెట్టారు. అంటే ఇంట్లో అవ్వ చేత మాన్పించిన అంబలిని బళ్ళో మనవరాలికి పథకం కింద పోస్తున్నాం. శిబిరంలో వంటచేసే అమ్మాయిని, "పొద్దున మీ ఇంట్లో ఏం తిన్నారమ్మా?" అని అడిగాను. "కోటా బియ్యమే బాబూ" అంది. ఆమె తిండి నేను తింటున్నాను, నా తిండి ఆమె తింటోంది. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదీ.

తర్వాతి అంశం అరణ్యస్నానం. ఇది జపాను నుంచి వచ్చిన మాట, 1982లో అక్కడి అటవీ శాఖవారు పెట్టారు. నీళ్ళుండవు. చెట్ల మధ్య మెల్లగా, నోరు విప్పకుండా నడవాలి. నెత్తి మీద కట్టెల మోపుతో నడిస్తే మాత్రం స్నానం కిందికి రాదు. సగం దారిలో ఎదురుగా నలుగురు మగవాళ్ళు కర్రకి దుప్పటి కట్టి, డోలీలో ఒక నిండు గర్భిణిని మోసుకుంటూ దిగుతున్నారు. వాళ్ళ ఊరికి రోడ్డు లేదు, అంబులెన్సు కిందే ఆగిపోతుంది. కాలిబాట చూస్తే ఇరుకు. మేం మౌనంలో ఉన్నాం కాబట్టి మౌనంగానే పక్కకు తప్పుకున్నాం. ముందు మోస్తున్నతను "జరగండి బాబూ, జరగండి" అని అరిచి మా ఏకాగ్రత చెడగొట్టాడు. శ్వాస మీద ధ్యాస పెట్టమని గైడు సైగ చేశాడు. పెట్టాం. నా వెనకున్న హైదరాబాదాయన మాత్రం ఆగలేక, "ఇది కూడా ప్యాకేజీలో ఉందాండీ?" అని చెవిలో అడిగాడు.

లేదండీ. ఇది ఇక్కడివాళ్ళకే.

మధ్యాహ్నం బొంగు చికెన్ తిన్నాక, ఇక్కడే ఓ పది సెంట్లు కొనుక్కుని ఉండిపోదామనిపించింది. కుదరదట. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. అది చాలదన్నట్టు, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గొడవ మొదలైంది కూడా ఈ పక్కనే, బొర్రా ప్రాంతం గనుల మీద. మూడు నెలల సగటు షుగరు 8.4 ఉన్న పౌరుడి పట్ల చట్టం ఇంత కఠినంగా ఉండడం విచారకరం. మరి ఈ శిబిరం ఎవరి భూమిలో ఉందండీ అని మేనేజరుని అడిగాను. ఆయన గడియారం చూసుకుని, "మీకు మెడిటేషన్ టైమైంది సార్" అన్నాడు.

అరకు కాఫీ సంగతి క్లుప్తంగా: 2017లో పారిస్‌లో దుకాణం, 2019లో జీఐ, అంటే ఈ నేల సరుకేనన్న గుర్తింపు. పక్క ఊళ్లో కాఫీ రైతు ఇంటికి వెళ్తే నాకు టీ ఇచ్చారు. బాగుంది.

రాత్రి 8 గంటలకు థింసా. చైత్రంలో ఇటుకల పండక్కి, పెళ్ళిళ్ళకి ఊరు ఊరంతా ఆడే ఆట. మా వీలు కోసం దాన్ని శనివారం నలభై నిమిషాలకు కుదించారు. ఆడవాళ్ళు ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులేసుకుని వరసగా కదులుతుంటే డప్పు, తుడుము, మోరి మోగాయి. శిబిరంవాళ్ళిచ్చిన కాగితంలో దీని పేరు 'ఒత్తిడి తగ్గించే సామూహిక చికిత్స'. వరస చివరున్నామె ఊరికెళ్ళే ఆఖరి ఆటో పోతుందేమోనన్న టెన్షన్‌తో గేటు వైపు చూస్తూనే అడుగులేస్తోంది. ఆమె ఒత్తిడికి చికిత్స ఏమిటో కాగితంలో రాయలేదు. నన్నూ వరసలోకి లాగారు. నా మోకాళ్ళ విషయం ఇక్కడ అప్రస్తుతం.

తిరుగు ప్రయాణంలో ఒక ఊరి దగ్గర ఆడవాళ్ళూ పిల్లలూ రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి మా కారు ఆపారు. అసలు ఇటుకల పండగ అక్కడ జరుగుతోంది. తుడుము మోగుతోంది, థింసా సాగుతోంది, చూసేవాళ్ళ కోసం ఎవరూ ఆడటం లేదు. ఒక పెద్దామె కిటికీ దగ్గరికొచ్చి, "పండగ బాబూ, ఇరవై రూపాయలియ్యండి" అంది. 14,000 కట్టి వస్తున్నవాణ్ణి. పదికి బేరమాడాను.

కారు కదిలాక డ్రైవరు చెప్పుకొచ్చాడు. అతనిది ఆ పక్క ఊరే. ఈ పండక్కి మగవాళ్ళు అడవికి వేటకెళ్తారట. ఏమీ దొరక్క ఉత్త చేతులతో తిరిగొస్తే, ఆడవాళ్ళు వాళ్ళ మీద పేడనీళ్ళు కొడతారట.

"ఇంతకీ మీకేమైనా దొరికిందా సార్, రెండ్రోజులున్నారు కదా?" అన్నాడు.

నేను కారు అద్దం పైకెత్తాను.