బావగారి మెనూలో అన్నీ ఉన్నాయి

పాత కంప్యూటర్ మరీ నెమ్మదిగా నడుస్తోందని అక్క పైకి అనకుండా ఉండాల్సింది. బావగారు అప్పటికే తేలికపాటి విండో మేనేజర్ల గురించి, అంటే తెర మీద కిటికీలను, మెనూలను చూసుకునే ప్రోగ్రాముల గురించి చదివి ఉన్నారు. చదివి ఊరుకునే మనిషి కాదు ఆయన. చూస్తుండగానే కంప్యూటర్‌లోని హంగులన్నీ పీకేసి ఫ్లక్స్‌బాక్స్ అనే విండో మేనేజర్ ఎక్కించారు.

"దీని వంశం గొప్పది" అని మొదలుపెట్టారు. "1997లో బ్లాక్‌బాక్స్ వచ్చింది. దాని కోడు ఆధారంగా 2001లో ఇది పుట్టింది. మెమరీ దాదాపు వాడదు."

"అది సరేనండీ, ఉత్తరం ఎక్కడ టైపు చేయాలి?" అంది అక్క.

అడగాల్సిన ప్రశ్నే. తెర మీద ఒక్క ఐకాన్ లేదు. అడుగున సన్నని పట్టీ, అందులో గడియారం. మిగతాదంతా మైదానం. ఖాళీ చోట మౌసు కుడి బటన్ నొక్కితే మెనూ వస్తుంది. ఆ మెనూలో ఏముండాలో ఎవరికి వారు రాసుకోవచ్చు. బావగారికి నచ్చింది సరిగ్గా అదే.

మెనూ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే. పేరు ముందు చుక్క ఉన్నందువల్ల కంటికి కనిపించని ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. ప్రోగ్రామ్‌కు ఒక వరస చొప్పున రాయాలి: చదరపు బ్రాకెట్లలో 'ఎగ్జెక్', గుండ్రటి బ్రాకెట్లలో మెనూలో కనిపించే పేరు, ఫ్లవర్ బ్రాకెట్లలో నడపాల్సిన ఆదేశం. ఉపమెనూ కావాలంటే 'సబ్‌మెనూ' అని తెరిచి, చివర 'ఎండ్' అని మూయాలి. ఉన్న ప్రోగ్రాములను వెతికి ఇదంతా తనే రాసిపెట్టే సాధనం కూడా ఫ్లక్స్‌బాక్స్‌తోనే వస్తుంది. ఆ మాటే అన్నాను.

"అది యంత్రం రాత. ఇల్లు మనది, మెనూ యంత్రం రాస్తుందా?" అన్నారు బావగారు. ఇక నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వినోదం ఉచితం.

పేర్లన్నీ తెలుగులో పెట్టారు. ఒత్తులు ఊడి వచ్చాయి. అక్షరాలను ఒకదానితో ఒకటి అతికించే పని ఫ్లక్స్‌బాక్స్ పెట్టుకోదు. ఓపెన్‌బాక్స్ అనే మరో విండో మేనేజర్ అయితే, అక్షరాలను అతికించిపెట్టే పాంగో సాయం తీసుకుంటుంది కాబట్టి అక్కడ ఈ తిప్పలు ఉండవు. ఈ సంగతి చెప్పబోతే బావగారు చేయి అడ్డం పెట్టి, ఒత్తులు లేని మాటల కోసం వేట మొదలుపెట్టారు. 'పుస్తకాలు' పోయి 'చదువు' వచ్చింది. 'చిత్రాలు' పోయి 'పటాలు' వచ్చాయి. ఆ పూట ఆయన రాసిన తెలుగు చాలా సరళంగా ఉంది.

బ్రౌజర్ మాత్రం కదల్లేదు. ఆదేశంలో ఎక్కడో ఒక అక్షరం జారిపోయింది. తప్పు ఆదేశం ఇస్తే మెనూ తిట్టదు, తప్పని చెప్పదు, ఏమీ జరగనట్టు మాయమైపోతుంది. బావగారు దాన్ని మళ్లీ నొక్కారు, గట్టిగా నొక్కారు, చివరికి అక్కను నొక్కమన్నారు.

ఇంతలో మరో వింత. 'ఆటలు' అనే ఉపమెనూకు కింద 'ఎండ్' పడలేదు. దాంతో ఆ తర్వాత రాసినవన్నీ ఆటల్లో చేరిపోయాయి. ఉత్తరాలు రాసే ప్రోగ్రామ్ ఆటల్లో, లెక్కల ప్రోగ్రామ్ ఆటల్లో, చిట్టచివరికి సెషన్ ముగించే 'ఎగ్జిట్' కూడా ఆటల్లోనే. లెక్కల సంగతి వరకు నాకు అభ్యంతరం లేదు. ఆ 'ఎగ్జిట్'కు ఆయన పెట్టిన పేరు 'మూసివేయి'.

లోపం దొరకగానే బావగారికి ఉత్సాహం పొంగింది. ఫైలంతా తిరగరాయడానికి పూనుకున్నారు: వరసల మధ్య గీతలు, ప్రతి పేరు పక్కన ఐకాన్, ఉపమెనూలో ఉపమెనూ. "అంతా అయ్యాక ఒకేసారి సేవ్ చేస్తాను" అన్నారు. కంప్యూటర్ నిజంగానే తేలికపడింది. దాని బరువంతా ఈయన మెడ మీదికి వచ్చింది. అప్పుడు ఫోను మోగింది, పక్క గదిలోకి వెళ్లారు.

అక్క వచ్చి కూర్చుంది. కుడి బటన్ నొక్కింది. పాత మెనూయే వచ్చింది. ఆటల్లో తన ఉత్తరాల ప్రోగ్రామ్ కనబడేసరికి మొహం చిట్లించి, ఈ మెనూ వద్దనుకుంది. వద్దనుకున్నదాన్ని ఏం చేస్తారు? కింద స్పష్టంగా రాసి ఉంది: 'మూసివేయి'.

ఫ్లక్స్‌బాక్స్ మారు మాట్లాడలేదు. నిజంగానా అని కూడా అడగలేదు. మెనూ, దాని వెనకున్న ఎడిటర్, ఎడిటర్‌లో సేవ్ కాని బావగారి శ్రమ, అన్నీ ఒక్క గుటకలో పోయి లాగిన్ తెర వచ్చింది.

బావగారు తిరిగివచ్చి తెర వైపు చూశారు, అక్క వైపు చూశారు, ఎందుకో నా వైపు కోపంగా చూశారు.

"మూసివేయి అని మీరేగా రాశారు" అంది అక్క.

మళ్లీ లాగిన్ అయ్యాక నేను ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి చూపించాను. చిన్న పెట్టె వచ్చింది. అందులో ప్రోగ్రామ్ పేరు టైపు చేసి ఎంటర్ కొడితే ఉత్తరాల ప్రోగ్రామ్ తెరుచుకుంది. మెనూతో పనే లేదు. అక్క ఉత్తరం మొదలుపెట్టింది.

బావగారు ఆ రెండు మీటల వైపు చాలాసేపు చూశారు.

"ఏ మీట నొక్కితే ఏం జరగాలో కూడా ఒక ఫైలులో ఉంటుందటగా?" అన్నారు.

"నా ఉత్తరం అయ్యేదాకా దీని మీద చేయి వేయకండి" అంది అక్క, తల తిప్పకుండానే.