ఆ సిస్టాన్ని ముట్టుకోకండి

రచయిత తెలుగులో టైపు చేసి, ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకుని ఈమెయిలులో పంపించిన వ్యాసాన్ని ముందుగా కాగితం మీద ప్రింటు తీసి, ఆ కాగితాన్ని మానిటరు పక్కన నిలబెట్టి, దాన్ని చూస్తూ మళ్ళీ మొదటి అక్షరం నుంచి టైపు చేసే మహత్తర సంప్రదాయం మన తిరుపతిలో నేటికీ నిర్విఘ్నంగా కొనసాగుతున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇది ఏ మారుమూల పల్లెలోనో జరిగే వింత కాదు. నాలుగు వీధులకొక విశ్వవిద్యాలయం బోర్డు, పొలిమేర దాటితే ఐఐటీ, ఐసర్ కనిపించే ఊళ్ళో, నడిబజారులో, పట్టపగలు, ట్యూబులైటు వెలుగులో జరుగుతున్న క్రతువు.

నేను పంపినది మామూలు తెలుగేనని, ఫోనులో తెరిచినా ఆఫీసు కంప్యూటరులో తెరిచినా చక్కగా కనిపిస్తుందని డీటీపీ సెంటరు యజమానికి విన్నవించుకున్నాను. ‘‘మీ ఫోనులో వస్తాది సార్, మా పేజ్‌మేకర్‌లో రాదు. మీది యూనికోడ్ కదా, పేస్టు చేస్తే అంతా క్వశ్చన్ మార్కులే పడతాయి. ప్రింటు ఇచ్చేయండి, పాప కొట్టేస్తాది’’ అని ఆయన నన్ను ఓదార్చాడు. యూనికోడ్ అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి. నా వ్యాసాల మీద ప్రశ్నార్థకాలు పెట్టేవాళ్ళు ఊళ్ళో ఇదివరకే తగినంతమంది ఉన్నారు గనుక, ఆ పనిలో సాఫ్ట్‌వేరు సాయం అవసరం లేదనుకుని ప్రింటు ఇచ్చాను.

పేజ్‌మేకర్ వంశచరిత్రను కొంత చెప్పుకోవాలి. అచ్చుకు పేజీలు కూర్చే ఈ సాఫ్ట్‌వేరును ఆల్డస్ అనే కంపెనీ 1985లో మాకింతోష్ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. 1994లో ఆల్డస్‌ను అడోబి కొనుక్కుంది. 1999లో అదే అడోబి ఇదే పనికి ఇండిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేరును తెచ్చి, 2001లో పేజ్‌మేకర్ 7.0ను చివరి పెద్ద వెర్షనుగా విడుదల చేసి, ఆపైన దాని ఆలనాపాలనా మానేసింది. కన్నవారు వదిలేసిన బిడ్డను మనం చేరదీశాం. 2001లో పుట్టిన పిల్లలు ఈపాటికి పెరిగి, చదివి, ఉద్యోగాలు తెచ్చుకుని, తమ పెళ్ళి శుభలేఖలను అదే పేజ్‌మేకర్ 7.0లో వేయించుకుంటున్నారు.

ఇక ఆ పేజ్‌మేకర్ కొలువైన సిస్టం. సెంటరులో మిగతావి సామాన్యమైన కంప్యూటర్లు. వాటి ముందు ఎవరైనా కూర్చోవచ్చు. ఇది మాత్రం మూలన ఉంటుంది. సీపీయూ పక్కరేకును వేడెక్కుతుందని ఏనాడో విప్పి బీరువా మీద పెట్టారు. ఆయుధపూజకు పెట్టిన కుంకుమబొట్లు పాతవి చెరగకుండానే కొత్తవి చేరి, ముందుభాగమంతా ఎర్రబడింది. మానిటరు అంచున ‘ఈ సిస్టం ముట్టరాదు’ అని స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం ఉంటుంది. లోపల విండోస్ ఎక్స్‌పీ. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న దానికి నీళ్ళొదిలేసింది గనుక, ‘‘నెట్ పెడితే వైరస్ వస్తాది సార్’’ అని ఈ సిస్టానికి నెట్ తగలనివ్వరు. అలా మడి కట్టుకుని కూర్చున్న యంత్రంలోకి ఏ ఫైలు వెళ్ళాలన్నా పెన్‌డ్రైవు ఒక్కటే దారి; ఆ పెన్‌డ్రైవు అప్పటికే ఊళ్ళోని జిరాక్సు షాపులన్నీ ప్రదక్షిణం చేసి వచ్చి ఉంటుంది. దాన్ని గుచ్చగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోతాయి. ‘‘ఎట్ల వచ్చిందో తెలీలేదు సార్’’ అంటారు.

లోకంలో జరిగే మార్పులు కూడా ఆ మడిని దాటి లోపలికి పోలేవు. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఆ కబురు సిస్టానికి ఇంకా అందలేదు. శుభలేఖ టెంప్లేటులో చిరునామా కింద ‘చిత్తూరు జిల్లా’ అనే ఉంటుంది గనుక, ప్రభుత్వ గెజిటు ఏమి చెప్పినా, వధువు తరఫువారు ఎవరూ గట్టిగా అడగని పక్షంలో, తిరుపతిలో జరిగే పెళ్ళిళ్ళు నేటికీ చిత్తూరు జిల్లాలోనే జరుగుతున్నాయి.

నా ప్రూఫుల సంగతికి వస్తాను. వ్యాసంతోపాటు ఒక సభ ఆహ్వానపత్రిక కూడా ఇచ్చాను. మొదటి ప్రూఫులో ‘విశ్రాంత ఆచార్యులు’ కాస్తా ‘విభ్రాంత ఆచార్యులు’ అయ్యారు. ఆయనను ఎరిగినవాడిని గనుక అలాగే ఉంచేద్దామా అని ఒక్క క్షణం తటపటాయించిన మాట వాస్తవం. రెండో ప్రూఫులో ఆయనకు విశ్రాంతి దొరికింది గాని, సభాధ్యక్షులు ‘అధ్యక్షలు’ అయ్యారు. మూడో ప్రూఫులో అధ్యక్షులకు కొమ్ము మొలిచింది. ముఖ్య అతిథి మాత్రం కనిపించకుండా పోయారు. ఈ ప్రూఫులు నాకు చేరిన విధానం మరీ రమ్యమైనది. సిస్టానికి నెట్ లేదు గనుక, టైపు చేసే అమ్మాయి తన ఫోనుతో మానిటరును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపేది. ఆ ఫోటోలో మానిటరు చారలు, గాజు మీద ట్యూబులైటు నీడ, ఆ నీడ కింద సరిగ్గా తప్పున్న చోటు మసక. నేను ఆ ఫోటో మీద వేలితో ఎర్రగీతలు గీసి తిప్పి పంపేవాడిని. ఆమె ఎడమచేత్తో ఫోను పట్టుకుని, నా గీతలను పెద్దవి చేసి చూసుకుంటూ, కుడిచేత్తో ఒక్కొక్క అక్షరమే దిద్దేది. అదే ఫోనులో, అదే వాట్సాప్‌లో, ఆ ఫోటోకు కాస్త పైన, నేను మొదటే పంపించిన ఆహ్వానపత్రిక ఒక్క తప్పు కూడా లేకుండా, తెలుగులో, నిక్షేపంగా ఉంది.

నేను పాతవాటి మీద కక్ష కట్టినవాడిని కాను. లారీ ఆఫీసులో కర్రుకర్రుమనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరును చూస్తే నాకు గౌరవమే. కార్బను కాపీలు ఒకేసారి కొట్టడం లేజరు ప్రింటరుకు చేతకాదు. డొనాల్డ్ నూత్ 1978లో రాసిన టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేరును గణితశాస్త్రజ్ఞులు ఈనాటికీ వాడుతున్నారు, ఎవరూ నవ్వడం లేదు. ఎందుకంటే 1980లనాటి టెక్ ఫైలును ఈరోజు నోట్‌ప్యాడులో తెరిచినా చదువుకోవచ్చు. మన పేజ్‌మేకర్ ఫైలులో దొరికేది ఏమిటి? తెరమీద ‘క’ కనిపిస్తుంది గాని లోపల ‘క’ ఉండదు. ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో ఉంటుంది. దానికి ఫాంటు తెలుగు వేషం కట్టించి నిలబెడుతుంది. ఒక కంపెనీ ఫాంటులో ‘క’ వేషం వేసినది ఇంకో కంపెనీ ఫాంటులో మరేదో అవుతుంది. ఫాంటు లేని చోట వేషం ఊడిపోతుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత స్థానాలు 1991లోనే వచ్చాయి. ‘క’ అంటే 0సి15, ఏ దేశంలో ఏ ఫోనులో తెరిచినా అదే. ఇండిజైన్ 2012 నాటికే యూనికోడ్ తెలుగును సక్రమంగా పేర్చడం నేర్చుకుంది. ఫాంట్లు లేవన్న సాకూ లేదు: శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతోనే ఒక యూనికోడ్ ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. ఆయన ఊరికి 40 కిలోమీటర్లయినా లేని మనకు అది అంటరానిదైంది.

విద్యాధికుల ఇలాకాలో ఈ భక్తి ఇంకా ముదిరింది. ‘వ్యాసాలను అను ఫాంటులో, 18 పాయింట్లలో, పేజ్‌మేకర్ ఫైలుగా మాత్రమే పంపవలెను’ అన్న సదస్సు సర్క్యులర్లను మీరూ చూసే ఉంటారు. అను కూడా పైన చెప్పిన వేషాల ఫాంట్లలో ఒకటే. సంస్థ పేరు చెప్పను. ఏ ఒక్కదాని పేరు చెప్పినా మిగతావి నొచ్చుకుంటాయి. అయితే ఇందులో లోతైన దూరదృష్టి లేకపోలేదు. పరిశోధనలో చౌర్యాన్ని అరికట్టడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చి, పోలిక పది శాతం దాటితే చర్య తప్పదన్నది. పాత ఫాంటులో ఉన్న సిద్ధాంత గ్రంథాన్ని ఆ పోలికలు పట్టే తనిఖీ యంత్రానికి పెడితే దానికి కనబడేది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. యూనికోడ్‌లో ఉన్న ఏ మూలంతోనూ అది కలవదు. పక్కవాడి పుస్తకాన్ని అట్టతో సహా ఎత్తి రాసినా యంత్రం కళ్ళకు అపూర్వ పరిశోధనే.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. ఇంక నాకు నవ్వు రావడం లేదు.

చూపు లేని విద్యార్థులు ఎన్‌విడిఎ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో పాఠాలను విని చదువుకుంటారు. యూనికోడ్ తెలుగును అది చదివి వినిపిస్తుంది. మన ఆచార్యులవారు పాత ఫాంటులో తయారుచేసి పంచిన పీడీఎఫ్‌ను తెరిస్తే, ఆ పిల్లవాడి చెవిలో ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, పర్సంటేజి గుర్తులు వరసగా మోగుతాయి. తెలుగు ఎంఏ చదువుతున్నవాడికి తెలుగు పాఠం వినబడదు. ఇది సాంకేతిక ఇబ్బంది కాదు, సిగ్గులేనితనం.

పలమనేరు వైపు ఒక విశ్రాంత తెలుగు పండితుడు చెరుకు గానుగల దగ్గర, బెల్లం వండే పొయ్యిల దగ్గర కూర్చుని, అక్కడివాళ్ళ నోటి మాటలను ఏళ్ళ తరబడి ఏరుకున్నాడు. సొంత డబ్బులతో టైపు చేయించి, సీడీలో పెట్టించుకున్నాడు. ఆయన పోయాక పిల్లలు ఆ సీడీని నా దగ్గరికి తెచ్చారు. కొట్టిన సెంటరు మూతబడింది. ఏ ఫాంటో చెప్పేవాడు లేడు. కొత్త ఇండిజైన్ ఆ ఫైలునే తెరవదు. తాళ్ళపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలో శతాబ్దాలపాటు చీకట్లో పడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో బయటికి తీస్తే సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు వాటిని చదివి అచ్చుకెక్కించగలిగారు. రేకు మీద ‘క’ చెక్కినవాడు ‘క’నే చెక్కాడు గనుక. మనం కంప్యూటర్లు పెట్టుకుని, కరెంటు బిల్లులు కట్టి, పేజీకి ఇంతని డబ్బులిచ్చి మరీ, ఇరవై ఏళ్ళకే చదవరాని తెలుగును తయారుచేసుకున్నాం.

డీటీపీ సెంటరు యజమానిని నేను తప్పుపట్టను. ఆయనకు వచ్చేది పేజీకి టైపింగు చార్జీ. యూనికోడ్ ఫైలును ఉన్నదున్నట్టు తీసుకుంటే ఆ కూలి పోతుంది. కొత్త సాఫ్ట్‌వేరుకు నెలనెలా కట్టే చందా ఆయన అద్దెతో పోటీపడుతుంది. ఆ అమ్మాయి రోజంతా కొట్టినా వేళ్ళ నొప్పులే మిగులుతాయి. నెలకు లక్షల్లో జీతం అందుకుంటూ, సంస్థ డబ్బుతో ఏ సాఫ్ట్‌వేరునైనా కొనిపించగల స్థానంలో కూర్చుని, ‘అను ఫాంటులో మాత్రమే’ అన్న సర్క్యులరు మీద సంతకం పెట్టే పెద్దలను పడతాను. యూనికోడ్ తమకు అలవాటు లేదని వారి వాదన. మరి పొద్దున్న అయిదున్నరకల్లా మాకందరికీ తప్పకుండా వచ్చి పడుతున్న ఆ శుభోదయాలను, ఏకాదశి శుభాకాంక్షలను, నాలుగు పేజీల ఆరోగ్య సూత్రాలను వారు ఏ ఫాంటులో కొడుతున్నారో, ఏ సెంటరులో ప్రూఫు చూపిస్తున్నారో, వారి శాఖవారే ఒక కమిటీ వేసుకుని విచారించవలసిందిగా మనవి.