వోక్ ఫార్వర్డూ, పదేండ్ల లెక్కా

"వోక్ అంటే ఏమిటి, దేశాన్ని ఎట్ల తింటున్నది" అని ఐదు పాయింట్ల మెసేజ్ ఒకటి నల్లగొండ, పాలమూరు గ్రూపులన్నిట్ల తిరుగుతున్నది. పంపేటోళ్ళు దోస్తులే, చదువుకున్నోళ్ళే. ఒకసారైతే ఊకుందుము. పొద్దుగాల ఒకరు పంపుతరు, మాపటికి ఇంకొకరు.

వోక్ అమెరికా ప్రొఫెసర్లు పుట్టించిన సిద్ధాంతమట. 1931ల అలబామాల తొమ్మిదిమంది నల్లజాతి పోరగాండ్ల మీద అబద్ధపు అత్యాచారం కేసు పెట్టిన్రు. ఆ స్కాట్స్‌బరో కేసు మీద పాట కట్టిన లెడ్ బెల్లీ, 1938ల రికార్డు చేస్తూ, ఆ దిక్కు పోయేటోళ్ళు 'వోక్'గ, అంటే మేల్కొని ఉండాలని హెచ్చరించిండు. ఆయన ప్రొఫెసర్ కాదు, జైళ్ళు చూసొచ్చిన గాయకుడు. తర్వాత అర్థం సాగింది, నిజమే. 2022ల, వోక్ అంటేనే గిట్టని ఫ్లోరిడా గవర్నర్ డిసాంటిస్ తరఫు న్యాయవాదినే కోర్టుల అడిగితే, వ్యవస్థలనే అన్యాయాలున్నయి, వాటిని సరిదిద్దాలె అన్న నమ్మకమే వోక్ అన్నడు. గిట్టనోళ్ళే గిట్ల చెప్తే ఇగ కొట్లాట దేనికి?

హాలీవుడ్ సినిమాల జలకన్య నల్లగ ఉన్నదన్న పాయింటుకు మా దగ్గర జవాబు లేదు. జలకన్యల అసలు రంగు చూసినోళ్ళు చెప్పాలె.

అసలు విషం రెండో పాయింటుల ఉన్నది: "రిజర్వేషనే మన దేశపు వోక్, అంబేడ్కరే పదేండ్లు చాలన్నడు."

పదేండ్ల గడువు ఉన్నది రాజ్యాంగం 334వ అధికరణల. అది చట్టసభల సీట్లకే. మన దిక్కు నకిరేకల్, తుంగతుర్తి, అచ్చంపేట, అలంపూర్, నాగర్‌కర్నూల్ ఎంపీ సీటు ఎస్సీలకు, దేవరకొండ ఎస్టీలకు ఉన్నయి చూడు, ఆ లెక్క అది. 1960 నుంచి ఏడుసార్లు పొడిగించిన్రు. చివరిది 2019ల 104వ సవరణ. లోక్‌సభల ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగ పడలేదు. గడువు 2030 జనవరి దాక. అప్పుడు పొడిగించకపోతే నకిరేకల్ల ఏ కులపోడైనా నామినేషన్ వేయొచ్చు, అంతే. మహాత్మాగాంధీ యూనివర్సిటీల సీటు గానీ, గ్రూప్-2 పోస్టు గానీ ఒక్కటి కదలదు. ఉద్యోగాలది 16(4) అధికరణ, చదువులది 1951ల చేర్చిన 15(4). రెండిట్ల ఏండ్ల ముచ్చటనే లేదు.

ఇగ అంబేడ్కర్. 1949 ఆగస్టు 25న రాజ్యాంగ సభల ఆయన, ఎస్సీల కోసం ఇంకా ఎక్కువ కాలం అడగడానికి తాను తయారుగనే ఉంటినని చెప్పిండు. పదేండ్లకు పరిస్థితి మారకపోతే వాళ్ళు వేరే తోవ వెతుక్కుంటరని కూడా అన్నడు. ఆయన నోట్లె పెట్టిన "చాలు" ఎవరిదో మెసేజ్ రాసినోళ్ళనే అడగాలె.

2019లనే వచ్చిన ఈడబ్ల్యూఎస్, అంటే ఏ రిజర్వేషనూ లేని కులాల పేదల కోటా, ఆ పది శాతానికి కూడా గడువు లేదు. కుటుంబానికి ఏడాదికి ఎనిమిది లక్షల లోపు, అంటే నెలకు అరవై ఆరు వేలు వచ్చినా పేదలే. దాని మీద ఫార్వర్డ్ ఒక్కటీ రాలేదు. డేటా అయిపోయిందేమో.

మెసేజ్‌ల ఇంకో మాట: కులం ఊసెత్తకుంటే కులమే పోతదట. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడల, గర్భవతి అయిన భార్యతోని దవాఖాన నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి సుపారీ ఇచ్చి నరికించిన్రు. వాళ్ళకు కులం గుర్తుచేసింది ఏ వోక్ మనిషి? 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది.

మూడో పాయింటు మాత్రం ఒప్పుకోవాలె: రిజర్వేషన్ ఫలం కొన్ని కులాలకే ఎక్కువ అందింది. ఎస్సీ కోటాను కులాలవారీగ పంచాలని, అంటే వర్గీకరణ చేయాలని కొట్లాడిన మాదిగ దండోరా 1994 నుంచి మొత్తుకున్నది ఇదే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు తోవ తెరిచింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల ఎస్సీల 15 శాతాన్ని మూడు పాళ్ళు చేసిన్రు: బాగా వెనుకబడ్డ 15 కులాలకు 1, ఇంకో 18 కులాలకు 9, మిగిలిన 26 కులాలకు 5. ఈ పంపకం మీద కూడా తగాదాలున్నయి, ఉండనియ్యి. కింది కులాలకు అందలేదని అంత బాధపడ్డ మెసేజ్‌ల వర్గీకరణ అన్న మాట మాత్రం ఎక్కడా కనపడదు.