ప్లేస్‌మెంట్ గారికి ఒక ఉత్తరం

ప్లేస్‌మెంట్ గారూ,

నమస్కారం. మా తెలుగువాళ్లకు మీరు ఇంజినీరింగ్ కాలేజీ నుంచే పరిచయం. మీరొస్తే వీధంతా స్వీట్లు పంచుతాం. మీకు ఇంకో ఉద్యోగం కూడా ఉందని ఇంగ్లండ్ వచ్చి కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) ఆఫీసులో చేరాకే తెలిసింది. అమ్మానాన్నల దగ్గర ఉండలేని పిల్లలకు చూపించే నీడను ఇక్కడ ఇల్లు అనరు, మీ పేరు పెట్టి పిలుస్తారు. ఈ స్వీట్లు మాత్రం కంపెనీలవాళ్లే తింటారు.

మీ సంతలో చోటు అమ్మేది పిల్లల హోములు నడిపే ప్రైవేటు కంపెనీలు, కొనేది మా కౌన్సిళ్లు. దాని తీరే వేరండీ. మా రైతుబజారులో పొద్దుగూకితే టమాటా రేటు దిగుతుంది. మీ దగ్గర పొద్దుగూకేకొద్దీ ఎక్కుతుంది. శుక్రవారం సాయంత్రం ఐదైంది. పద్నాలుగేళ్ల పిల్లాడు మా ఆఫీసు కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే అతని సామాను, నల్లటి చెత్త సంచిలో. సంచి చిరిగి షూ మొన బయటికొచ్చింది. సోషల్ వర్కరమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. ఆ రాత్రి అతనికి చోటు చూపించాల్సిందేనని చట్టం. 'పోనీలే, పక్క కొట్లో చూస్తా' అనలేని గిరాకీ దొరికితే ఎవరు మాత్రం ధర తగ్గిస్తారు?

పిల్లల హోములు నడిపే పెద్ద ప్రైవేటు సంస్థలకు 2016-20 మధ్య సగటున 22.6 శాతం నిర్వహణ లాభం వచ్చిందని బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ 2022లో లెక్క తేల్చింది. ఇంగ్లండ్‌లో హోముల్లో ఉన్న పిల్లల్లో 37 శాతం మంది సొంతూరికి 20 మైళ్ల అవతలే ఉన్నారనీ చెప్పింది. హోములేమో ఇళ్లు చవగ్గా దొరికే వాయవ్యంలో గుంపుగా వెలిశాయి. పిల్లాడి బడి ఇక్కడ, మంచం అక్కడ. చెల్లెలికి వేరే ప్లేస్‌మెంట్.

మిమ్మల్ని బాగుచేసే పనులూ జరుగుతున్నాయి లెండి. కౌన్సిళ్లన్నీ కలిసి ప్రాంతీయ సహకార సంఘాలుగా బేరమాడాలని 2022లో మెకాలిస్టర్ నివేదిక (పిల్లల సంరక్షణ మీద ప్రభుత్వం వేయించిన సమీక్ష) చెప్పింది. పాల సంఘాలు చూసినవాణ్ణి, నాకు నచ్చింది. కాకపోతే కొనేవాళ్లంతా ఏకమైనా, ఖాళీగా ఉన్నది ఒక్క మంచమే అయితే బేరం ఎవరితో? హోములూ పెంపుడు కుటుంబాలూ పెరగాలి కదా. 2024 డిసెంబరులో పార్లమెంటులో పెట్టిన బిల్లులో లాభానికి పరిమితి విధించే అధికారమూ ఉంది. కావాలంటే వాడతారట, బెత్తం బీరువాలో పెట్టి తాళం చూపించినట్టు. వేల్స్‌ మాత్రం ఈ రంగంలో లాభాల వ్యాపారాన్నే దశలవారీగా ఎత్తేయడానికి 2025లో చట్టం చేసేసింది.

మా పిల్లాడికి రాత్రి తొమ్మిదింటికి చోటు దొరికింది, నాలుగు గంటల దూరంలో. టాక్సీ ఎక్కించాం.

ఇట్లు,
మీ బిల్లులు పాస్ చేసే గుమస్తా

తా.క.: కుర్చీ కింద ఒక షూ ఉండిపోయింది. దాన్ని ఏ పద్దు కింద పంపాలో తెలియజేయగలరు.